తొలిగుక్క

నవమి

ఈ పొద్దున తొలిగుక్క తాగేటప్పుడు నా ముఖం చిట్లింది. చిట్టాలో నేను రాయాల్సింది ఇంతే. కానీ ఆ తర్వాత ఊళ్ళో జరిగింది చూశాక ఇంతటితో ఆపబుద్ధి కావడం లేదు.

నా పని చాలా చిన్నది. తెల్లారగానే కుళాయి గట్టు ఎక్కుతాను. కింద జనం, చుట్టూ తూనీగలు. తూనీగలంటే టీవీల వాళ్ళ ఎగిరే కెమెరాలు, ముక్కు మీద వాలేంత దగ్గరికొస్తాయి. గ్లాసు నింపుకుని, అందరూ చూస్తుండగా గుక్క తిప్పుకోకుండా తాగి, బోర్లించి చూపిస్తాను. అప్పుడు మా ఆయన తాతారావు కింద పెద్ద వాల్వు తిప్పుతాడు. చుక్కలరేవులో ఇంటింటికీ నీళ్ళు వెళ్తాయి. నేను ఇంటికొచ్చి రంగు, వాసన, రుచి రాసి కుంపటికి పంపుతాను. రుచి దగ్గర "మామూలే" అని తప్ప వేరే మాట ఎప్పుడూ రాయలేదు.

కుంపటి అంటే సముద్రంలో తేలే అణువిద్యుత్ కేంద్రం. సర్కారు పెట్టిన పేరు చాలా పొడుగు, నోరు తిరగదు. దాని కరెంటు పట్నాలకు పోతుంది. మిగిలిన వేడితో ఉప్పునీళ్ళు కాచి, ఆవిరి పట్టి, మంచినీళ్ళు చేసి మాకు పంపుతుంది. అది వచ్చిన కొత్తలో మా పెద్దలు ఒకే షరతు పెట్టారట. రోజూ మీ జీతం తినే మనిషి ముందు తాగాలి, ఆ తర్వాతే మేం. అలా పుట్టింది తొలిగుక్క.

గట్టు కింద ముందు వరసలో మా అత్త పోలమ్మ పీట వేసుకుని కూర్చుంటుంది. ఆమె మూత్రపిండాలు బోరు నీళ్ళ కాలంలోనే పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం కడగాలి. రోజు మొత్తానికీ ఆమెకు చిన్న గ్లాసుడు నీళ్ళే, టీ అయినా గంజి అయినా అందులోంచే తీయాలి. అందుకే నేను తాగుతుంటే కళ్ళార్పకుండా చూస్తుంది, తర్వాత తిడుతుంది.

"కసాయం తాగినట్టు తాగుతావేటే? కాసేపు నోట్లో ఉంచుకోరాదేటి?"

ఇవాళ నోట్లో ఉంచుకున్నాను. అదే కొంప ముంచింది. కింది దవడ పన్ను నిన్నటి నుంచీ సలుపుతోంది. చల్లటి నీళ్ళు తగలగానే ప్రాణం జివ్వుమంది, ముఖమంతా ముడుచుకుపోయింది. సరిగ్గా అప్పుడే సముద్రం మీద ఓ పెద్ద చప్పుడు. కుంపటి నెత్తిన తెల్లటి ఆవిరి మేఘమంత ఎత్తుకు లేచింది.

జనం ఒకసారి దాన్ని చూశారు, ఒకసారి నన్ను చూశారు. తాతారావు చేతులు వాల్వు చక్రం మీదే ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి కేక వేసింది.

"తాగకండర్రా! దానేశ్వరి ముకం సూసినారు కాదేటి!"

దశమి

నా ముఖం ఇంత పెద్దదని నాకు తెలీదు. ప్రతి ఇంటి గోడతెర మీదా అదే. ముడుచుకున్న కనుబొమలు, వంకర తిరిగిన పెదవి, బుగ్గ మీద పుట్టుమచ్చ సహా. నెమ్మదిగా ముడుచుకుంటుంది, మళ్ళీ విప్పుకుంటుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. కింద ముఖం చూసి మనసులోది లెక్కగట్టే ముఖలెక్క యంత్రం అంకె వేసింది, "భయం: డెబ్బై పాళ్ళు." పక్కన ముగ్గురు నిపుణులు. ఒకాయన నా కుడి కనురెప్ప మీదే గంటసేపు మాట్లాడాడు. నాతో మా ఆయన కూడా అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి పట్నం నుంచి కౌస్తుభ్ అనే విలేకరి దిగాడు. కుర్రాడు, మర్యాదస్తుడే. నోరు తెరిచి పన్ను చూపించాను.

"అమ్మా, పంటినొప్పి అని చెప్పమని మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నా పన్నే సెప్పింది బాబూ. నీక్కూడా సెప్తాదేమో, ఏలు పెట్టి సూడు!" అన్నాను. ఆ ముక్క ఒక్కటీ వేయలేదు.

నా అసలు మంట కుంపటి ఆఫీసు మీద. నిన్నంతా నోరు మెదపలేదు. ఇవాళ సాయంత్రానికి "స్వల్ప సాంకేతిక అంతరాయం" అని ఒక వాక్యం వదిలారు. ఆ మాట వినగానే ఊరు సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. పెద్ద పంపు ఆగిందని నిలదీస్తే గానీ ఒప్పుకోలేదు. "పెద్ద పంపు ఆగిపోయింది, ఆవిరి మేమే వదిలాం" అని నిన్ననే చెప్పి ఉంటే ఏం పోయేది? దాచినవాడి మాట ఎవడు నమ్ముతాడు? నేనూ నమ్మలేదు.

పంచాయతీ ప్రెసిడెంటు బర్రి సింహాద్రి వచ్చి వాల్వు చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాడు. తాతారావు అడ్డం వెళ్ళాడు.

"బావా, ఆసుపత్రి యంత్రానికి ఈ నీల్లే గావాల. మా అమ్మకి రేపు రక్తం కడగాల."

"తెలుసురా. ఇల్లల్లో పసిగుంటలున్నారు. నానేటి సెయ్యను సెప్పు?" అన్నాడు సింహాద్రి.

పట్నం ఆసుపత్రికి తీసుకెళ్దామంటే రోడ్డు మీద బండి కదలడం లేదు. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా పారిపోతూ ఆ ఒక్క రోడ్డు మీదే ఉన్నారు.

ఏకాదశి

నిన్న రాత్రి పన్ను పీకించుకున్నాను. పీడ పోతుంది, రేపటి నుంచి నవ్వుతూ తాగొచ్చు అనుకున్నాను. ఇంత తెలివితక్కువ పని జన్మలో చేయలేదు. తెల్లారేసరికి బుగ్గ బూరెలా పొంగింది. ఆ బుగ్గతోనే గట్టు ఎక్కి తాగాను. గోడతెరల మీద ఇప్పుడు రెండు ముఖాలు పక్కపక్కన, నవమి నాటిది, ఇవాళ్టిది. "తొలిగుక్క మహిళకు వాపు. రేడియేషనేనా?" చివర్లో ఆ ప్రశ్న గుర్తు వాళ్ళను కాపాడుతుంది, నన్ను కాపాడదు.

ఎదురింటి పిల్ల నన్ను చూసి తలుపేసుకుంది. రోజూ నా చంకెక్కే పిల్ల. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఊరు పాత బోరింగు దగ్గర వరస కట్టింది. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ ముట్టని బోరు అది. ఇక్కడి పాతకాలం వాళ్ళను అడిగితే ఇంటికొకరి పేరు చెప్తారు, కాళ్ళు పొంగి, ఊపిరాడక పోయినవాళ్ళవి. సింహాద్రి పెళ్ళాం కూడా అలాగే పోయింది, నీళ్ళు నీళ్ళు అని అడుగుతూ. అతనే ముందు నిలబడి బోరు కొట్టి అందరి బిందెలూ నింపుతున్నాడు.

"నీకు గుర్తునేదా అన్నియ్యా?" అని అడిగాను.

"ఎందుకు గుర్తుండదమ్మా? ఇదంటే నాకు తెలిసిన బయం. అదంటే తెల్దు" అన్నాడు, కుంపటి వైపు చూసి.

అత్తకు ఇవాళ రక్తం కడగాల్సిన రోజు. యంత్రం దగ్గర డ్రమ్ములు ఖాళీ. గట్టు మీది కుళాయి సన్నటి ధార తొలిగుక్కకే సరిపోతుంది, డ్రమ్ములు నిండాలంటే పెద్ద వాల్వు తిప్పాల్సిందే. ఆమె పాదాలు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పడుకుంటే ఆయాసం, గోడకు దిండు వేసి కూర్చోబెట్టాం. నర్సమ్మ చూసి, "ఇంకో రోజు ఆగగలదు, రెండు రోజులంటే నేను చెప్పలేను" అంది.

సాయంత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. నాకే నమ్మకం లేని నీళ్ళు నమ్మండని ఊరిని ఎలా అడగను? వెళ్ళి కుంపటి లోపల చూస్తాను. కౌస్తుభ్‌నీ రమ్మన్నాను. తెల్లబోయి, సరే అన్నాడు.

ద్వాదశి

ఎలా రాయాలో తెలియడం లేదు. రంగు, వాసన, రుచి రాసిన చెయ్యి ఇది.

పడవ ముందుకు వెళ్ళేకొద్దీ కుంపటి పెరిగింది. ఒడ్డు నుంచి బొటనవేలంత కనిపించేది, దగ్గరికెళ్తే తలెత్తినా చివర కనబడలేదు. ఇన్నేళ్ళూ దీని నీళ్ళు తాగుతూ ఒక్కసారైనా చూడాలని ఎందుకు అనిపించలేదో! ఇంజనీరు జయశీల ఎదురొచ్చింది. నా ఈడుదే. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర పోయినట్టు లేదు.

"దాచడం మా తప్పు. పై నుంచి అనుమతి వచ్చేదాకా ఆగాం. ఆగకూడదు. దాన్ని నేను సమర్థించను" అంది, నేనింకా ఏమీ అడగకముందే.

"పంపు ఆగిపోయింది కదమ్మా. మరి లోపల నిప్పుని ఇప్పుడెవరు సల్లారుస్తన్నారు?"

"ఎవరూ లేరు. రండి."

మెట్లు దిగుతూనే ఉన్నాం. గోడలు మా ఇల్లంత మందం. ఎక్కడా చప్పుడు లేదు. నేను మోతలు, మంటలు, పరుగులు ఊహించుకున్నాను. నిపుణులు గోడతెర మీద అవే చూపించారు మరి. జయశీల ఒక లావుపాటి గొట్టం పై తొడుగు మీద నా అరచెయ్యి పెట్టించింది. ఏదో సన్నగా కదులుతోంది.

"లోపల నీళ్ళు. నిప్పు దగ్గర వేడెక్కి పైకి వెళ్తాయి. పైనున్న తొట్టి దగ్గర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతాయి. మళ్ళీ వేడెక్కుతాయి. పంపు లేదు, కరెంటు లేదు, మనిషి లేడు. నవమి నుంచీ ఇలాగే తిరుగుతున్నాయి."

"ఎవరు తిప్పుతన్నారు?"

"వేడే. తనని తనే చల్లార్చుకుంటోంది. ఇలా కట్టామని నాకు తెలుసు, లెక్కలన్నీ చదివాను. అయినా ఆ రోజు పంపు ఆగాక, వేడి చూపే ముల్లు మెల్లగా కిందికి దిగుతుంటే, పొద్దుగూకేదాకా ఇక్కడే నేల మీద కూర్చుని చూశాను."

నేను రోజూ అన్నం వండుతాను. ఎసరు కాగాక గింజలు పైకి లేచి, మళ్ళీ మునిగి, మళ్ళీ లేవడం ఎన్ని వేలసార్లు చూశానో. అదే ఇది. ఊళ్ళను వెలిగించే నిప్పును, నా ఎసట్లో గింజల్ని తిప్పే ఆ చిన్న సంగతే ఆపి ఉంచింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాడేసిన అణు ఇంధనం కడ్డీలు ఉంచే కొలను చూపించింది. దీపాలు తగ్గించమని ఎవరికో చెప్పింది.

నీలం. సముద్రం నీలం నాకు తెలుసు, నెమలి నీలం తెలుసు, ఇది ఏదీ కాదు. లోతున, కదలని నీళ్ళ అడుగున, వెలుగే నీళ్ళయినట్టు ఉంది. మంట లేదు, మెరుపు లేదు, పొగ లేదు. ఊరికే వెలుగుతోంది. నా చేతులు ఎప్పుడు జోడించానో నాకు తెలీదు. భయం వేసింది, నిజం చెప్పాలంటే చాలా వేసింది. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. పక్కన కౌస్తుభ్ నోరు తెరిచి నిలబడ్డాడు. అతని తూనీగ చేతిలోనే ఉండిపోయింది, కాసేపటికి గానీ ఎగరేయాలని గుర్తు రాలేదు.

"నీళ్ళలో వెలుగు కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఈ కడ్డీల్లోంచి వచ్చే రేణువులు దాన్ని దాటిపోతాయి. అప్పుడు నీళ్ళు ఇలా వెలుగుతాయి" అంది జయశీల.

"ఇందులో దిగితే?"

"అడుగుదాకా వెళ్తే బతకరు. పైన ఇక్కడ నిలబడగలిగామంటే మధ్యలో ఇంత లోతు నీళ్ళున్నాయి కనుకే. మనకు అడ్డుగోడ ఆ నీళ్ళే."

చంపుతుందని సూటిగా చెప్పింది చూడండి, అప్పుడు నమ్మాను ఆ మనిషిని. తర్వాత మా మంచినీళ్ళ సంగతి చూపించింది. నిప్పును తాకే నీళ్ళకూ మా నీళ్ళకూ మధ్య రెండు వేరే నీళ్ళు, వేరే గోడలు. తొట్లలో నిల్వ ఉన్న మా నీళ్ళ పరీక్ష ఫలితాలు కూడా, నవమి నుంచి ఇవాళ్టి దాకా. "మీ నీళ్ళలో ఏమీ కలవలేదు. రేపు కలిస్తే నేనే పడవెక్కి వచ్చి చెప్తాను. ఎవరి అనుమతీ అడగను" అంది.

తిరుగు ప్రయాణంలో కౌస్తుభ్ తూనీగ పట్టిన బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. ఒడ్డు దగ్గర పడ్డాక, "అమ్మా, ఇది నేను చూపిస్తాను" అన్నాడు.

త్రయోదశి

చూపించాడు, పాపం. ఆ నీలం ఊపిరి పీల్చినంతసేపు వచ్చింది. చూసేవాళ్ళ గుండె వేగం తగ్గితే గోడతెర దానంతట అదే మరో బొమ్మకు మారుతుందట. నీలం చూసి జనం గుండెలు నెమ్మదించాయి. వెంటనే నా వాచిన బుగ్గ వచ్చింది. "మా దగ్గర వార్తలు అలాగే తయారవుతాయమ్మా" అని తల దించుకున్నాడు.

సరే, నా నోరు నాకుంది కదా అని బజార్లో నిలబడి చెప్పాను. ఎసరు గురించి చెప్పాను, నీలం గురించి చెప్పాను. చెప్తూ చెప్తూ నాకే ఒళ్ళు జలదరించింది. జనం నన్ను జాలిగా చూశారు. అక్కడ నాకేదో పట్టించారనుకున్నారు.

"నీకు జీతం వాల్లిస్తన్నారు కదమ్మా. నువ్వు నిజమే సెప్తన్నావేమో. నానెలా నమ్మాల?" అన్నాడు సింహాద్రి. అందులో ఎగతాళి లేదు.

పొద్దున గట్టు మీద ముఖలెక్క యంత్రం మళ్ళీ భయమే చూపించింది. ఈసారి అది తప్పు చెప్పలేదు. నా భయం నీళ్ళంటే కాదు, ఇంట్లో ఆయాసపడుతున్న అత్త ఊపిరంటే. ఆ తేడా ఏ యంత్రానికి తెలుస్తుంది?

మధ్యాహ్నం అత్త నన్ను దగ్గరికి పిలిచింది. రెండేసి మాటలకు ఆగుతోంది.

"రేపు తొలిగుక్క నాను తాగుతాను."

"మతి పోయిందేటి అత్తా? ఒంట్లో ఉన్న నీరే దిగనేదు. గ్లాసుడు తాగితే ఊపిరాగిపోద్ది."

"తాక్కపోతే ఆగదేటి?"

తాతారావు బయటికెళ్ళి నిలబడ్డాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. వాచిన ఆ పాదాల్లో నా వేళ్ళు దిగిపోయాయి.

"ఒలే అమ్మీ, నీ ముకం సూసి ఊరు నమ్మనేదు. నువ్వు ఎప్పుడు గావాలంటే అప్పుడు తాగీదానివి. నా సంగతి ఆల్లకి తెలుసు" అంది. "బలైపోతన్నాననుకోకు. నాకు దాహంగా ఉన్నాది. ఎన్నాల్లనుంచో ఉన్నాది."

నర్సమ్మ ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమే లొంగి, తాళం తీస్తే ఆ క్షణమే యంత్రం ఎక్కించేలా అన్నీ సిద్ధం చేసి పెడతానంది.

చతుర్దశి

తాతారావు తల్లిని ఎత్తుకుని గట్టు ఎక్కించాడు. జనం మధ్య గుసగుసలు. పోలమ్మ నీళ్ళ కొలత ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి భోజనంలో ఎంగిలి గ్లాసుల్లో మిగిలిన నీళ్ళ వైపు ఆమె చూసే చూపు తెలియనివాళ్ళు లేరు. ఈ నీళ్ళు ఆమెను ఏం చేయగలవో కూడా అందరికీ తెలుసు. దానికి కుంపటితో పని లేదు.

సింహాద్రి ముందుకొచ్చాడు. "అత్తా, దిగిపో. నీకొద్దిది."

"నువ్వు పక్కకి జరగరా, ఎండ పడనీ" అంది అత్త.

గ్లాసులో నేనే పోశాను. సగం దగ్గరే ఆపాను. "నిండా పొయ్యి" అంది. నిండా పోశాను. రెండు చేతులా పట్టుకుంది. వెంటనే తాగలేదు. ముందు గ్లాసును బుగ్గకు ఆనించుకుంది, ఈ బుగ్గకూ ఆ బుగ్గకూ. వాసన చూసింది. ఎండకు ఎత్తి, లోపల వెలుగు ఆడుతుంటే చూసింది. అప్పుడు పెదవి ముంచింది.

మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుంది. ఆమె గొంతు కదలడం వెనకున్నవాళ్ళకి కూడా కనిపించింది. ముఖం మీద ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన గీతలన్నీ ఒక్కొక్కటే వదులయ్యాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆవిడ పట్టించుకోలేదు. ఆయాసానికి ఆగుతూ, మళ్ళీ తాగుతూ, ఎవరో తీసేసుకుంటారన్నట్టు గ్లాసును గుండెకు దగ్గరగా పట్టుకుంది. చివరికి గ్లాసు నెత్తి మీదికి ఎత్తి, నాలుక చాపి, ఆఖరి చుక్క జారేదాకా చూసింది. అది జారింది. చప్పరించింది.

తూనీగలు ఆమె చుట్టూ ఆగి ఉన్నాయి. కౌస్తుభ్ చేతిలోని పలకలో ముఖలెక్క యంత్రం అంకె వెతుక్కుంటూనే ఉంది, వేయలేకపోయింది.

నేను ఎన్నేళ్ళు ఈ గట్టెక్కి తాగాను! ఆ నీలం చూసి చేతులు జోడించాను కదా, దాని ముందు కూడా ఇంత ఆశ్చర్యం కలగలేదు. నీళ్ళంటే ఇదా అనిపించింది.

"ఇంకో గ్లాసు ఇయ్యవే" అంది అత్త.

ఎవరో భోరుమన్నారు. చూస్తే సింహాద్రి. ఏడుస్తూనే గొలుసు దగ్గరికి పరుగెత్తాడు, కన్నీళ్ళకు తాళం కన్నం కనబడలేదు. తాతారావు అతని చెయ్యి పట్టుకుని ఇద్దరూ కలిసి తీశారు. చక్రం తిరిగింది. నేను గ్లాసు లాక్కున్నాను, అత్త తిట్టింది, నలుగురం ఆమెను పీటతో సహా ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. దారిలో ఆమె పెదాలు నీలబడ్డాయి. నేను నోటికొచ్చిన దేవుళ్ళందరినీ పిలిచాను.

డ్రమ్ములు నిండుతున్న చప్పుడు వినబడింది. యంత్రం ఆమె రక్తాన్ని తీసుకుని కడిగి ఇస్తోంది, ఎర్రటి గొట్టాలు మెల్లగా కదులుతున్నాయి. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది. కిటికీలోంచి చూస్తే గట్టు దగ్గర జనం బిందెలతో వరస కట్టారు. ఆ ముక్క చెబుదామని వంగాను. అత్త కళ్ళు మూసుకునే ఉంది, పెదాలు మాత్రం లోపలేదో దాచుకున్నట్టు బిగించి ఉన్నాయి.

"అత్తా! ఏటైనా గావాలా? మాటాడు" అన్నాను భయంగా.

ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి అడ్డం ఊపింది.

"మాటాడించకే. రుచి పోద్ది."